రేడియేషన్ అయ్యాక స్వరపేటికలో క్యాన్సర్ మళ్ళీ వచ్చింది, లేజర్ చేయించాలా, మొత్తం తీయించాలా?

నాన్నకూచి_87:

అందరికీ నమస్కారం, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా నాన్నకి 64 ఏళ్ళు. ఎడమ వైపు స్వరతంత్రి మీద క్యాన్సర్ అని తేలింది, టీ1 స్టేజ్, అంటే తొలి దశ అన్నారు, కీమో అక్కర్లేదు రేడియేషన్ ఒక్కటి చాలు అన్నారు, అలాగే చేయించాం. బాగానే తగ్గింది, గొంతు కూడా చాలావరకు వచ్చేసింది, ఫోన్ ఎత్తితే ఎవరైనా గుర్తుపట్టేంత. ఏడాదిన్నర హాయిగా గడిచింది. ఈ మధ్య మళ్ళీ బొంగురు మొదలైతే జలుబేమో అనుకున్నాం, ఎంతకీ తగ్గట్లేదు, స్కోప్ వేసి చూస్తే అదే వైపు తెల్లగా గరుకుగా మచ్చ కనిపించింది, బయాప్సీలో మళ్ళీ అదే వచ్చింది. సీటీ, పెట్ సీటీ రెండూ అయ్యాయి. మెడలో గడ్డలు లేవు, ఊపిరితిత్తులు బాగున్నాయి, తంత్రి కదులుతోంది అని రిపోర్ట్‌లో రాశారు.

ఇప్పుడు సమస్య ఏంటంటే, ఒక సర్జన్ మొత్తం స్వరపేటిక తీసేయడమే సేఫ్ అంటున్నారు. సెకండ్ ఒపీనియన్‌కి వెళ్తే ఇంకో ఆయన ఇది చిన్నదే, నోట్లోంచి లేజర్‌తో తీసేద్దాం, మెడ కోయక్కర్లేదు అంటున్నారు. ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్ళే, ఇద్దరి మీదా నమ్మకం ఉంది, అదే అసలు బాధ. లేజర్ అంటే సగం వైద్యం అవుతుందా, మళ్ళీ వస్తే అప్పుడు ఇంకేం మిగలదా, రేడియేషనే మళ్ళీ ఇవ్వకూడదా, అసలు మొదట్లోనే లేజర్ చేయించి ఉంటే ఈ బాధ ఉండేది కాదా అని రాత్రిళ్ళు ఇవే ఆలోచనలు. నాన్నయితే "మాట పోయాక నేనుండి ఏం లాభం రా" అని ఒక్కటే మాట. ఈ దారిలో వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వేకువచుక్క:

తమ్ముడూ, మా ఆయనకి అచ్చంగా ఇదే జరిగింది, రేడియేషన్ తర్వాత మళ్ళీ వస్తే లేజర్‌తో తీశారు. ఇప్పటికి బాగున్నారు, చెకప్‌లు నడుస్తున్నాయి. మాకు ఎవరూ ముందు చెప్పని సంగతులు చెప్తాను.

ఆపరేషన్ చిన్నదే, మెడ మీద గాటు లేదు, కుట్లు లేవు, మెడకి ట్యూబ్ కూడా పెట్టలేదు, రెండో రోజే ఇంటికి పంపేశారు. కానీ లోపల పుండు మానడానికి మాత్రం చాలా కాలం పట్టింది. లోపల కోసిన చోట కుట్టరు, అలాగే వదిలేస్తే దానంతట అదే మానాలి, రేడియేషన్ పడిన చోట రక్తప్రసరణ తక్కువ కాబట్టి మామూలుగా వారాల్లో మానేది నెలల్లో మానుతుంది. పొద్దున్నే గొంతులోంచి పొక్కుల్లాంటివి వచ్చేవి, ఒకోసారి నెత్తుటి చారతో, చూసి నేను వణికిపోయేదాన్ని. ఆవిరి పట్టడం, నీళ్ళు బాగా తాగడం, అసిడిటీ మందు, అరవకుండా ఉండటం, గుసగుస కూడా మాట్లాడొద్దన్నారు కొన్నాళ్ళు.

ఇంకోటి, తర్వాత స్కోప్‌లో ఎర్రటి కండలాంటిది కనిపించింది, మళ్ళీ వచ్చేసిందని ఇద్దరం కుదేలైపోయాం. అది మానే క్రమంలో వచ్చే గ్రాన్యులోమా అని తేలింది, దాన్ని కూడా తీసి పరీక్షకి పంపాకే ఊపిరి పీల్చుకున్నాం. నీకూ అలాంటిది కనిపిస్తే వెంటనే చెడు ఆలోచనలోకి పోకు, అలాగని బయాప్సీ వద్దని మాత్రం అనకు. గొంతు పాతగొంతు కాదు, గాలిగాలిగా ఉంటుంది, నాలుగు మాటలకి ఒకసారి ఊపిరి తీసుకుంటారు. కానీ ఇంట్లో అందరికీ అర్థమవుతుంది, ఆయన తిట్టే తిట్లతో సహా.

మైక్రోస్కోప్_వెనకాల:

నేను తల, మెడ క్యాన్సర్ సర్జరీ విభాగంలో పనిచేస్తున్నాను. మీ నాన్నగారిని చూడలేదు, స్కాన్ చూడలేదు, కాబట్టి మీ ఇద్దరు సర్జన్లలో ఎవరు రైటో నేను చెప్పకూడదు. కానీ వాళ్ళిద్దరూ ఎందుకు వేరేగా చెప్తున్నారో చెప్పగలను, అది అర్థమైతే మీకు సగం దిగులు తగ్గుతుంది.

ముందు ఆ రాత్రి ఆలోచనల సంగతి. టీ1 స్వరతంత్రి క్యాన్సర్‌కి రేడియేషన్ అయినా లేజర్ అయినా దాదాపు ఒకే ఫలితం, నూటికి తొంభై మంది దాకా ఒకే వైద్యంతో నయమవుతారు, ప్రపంచమంతా రెండూ ఇస్తున్నారు. మిగతా కొద్దిమందిలో మీ నాన్నగారు పడ్డారు, అంతే. మీరు తీసుకున్న నిర్ణయంలో లోపం లేదు. మళ్ళీ రేడియేషన్ ఎందుకు ఇవ్వరంటే అదే చోట రెండోసారి పూర్తి డోసు పడితే స్వరపేటిక మృదులాస్థి చచ్చిపోయి కుళ్ళే ప్రమాదం ఉంది, మింగడం, ఊపిరి రెండూ పాడవుతాయి. అందుకే ఆపరేషన్‌కి వీలున్నప్పుడు ఆపరేషన్‌దే మొదటి స్థానం.

ఇప్పుడు అసలు విషయం. రేడియేషన్ తర్వాత తిరగబెట్టిన క్యాన్సర్ మొదటిసారి వచ్చినదానిలా ఒక్క గడ్డగా ఉండదు చాలాసార్లు. పైన పొర మామూలుగా కనిపిస్తూ కింద చిన్న చిన్న గుంపులుగా అక్కడక్కడా ఉంటుంది, నివురుగప్పిన నిప్పు లాగా. దానికి తోడు రేడియేషన్ వల్ల వాపు, గట్టిపడిన కణజాలం ఉంటాయి, స్కాన్‌లో ఏది మచ్చ ఏది క్యాన్సర్ అని విడదీయడం కష్టం. స్కాన్ చూపించినదానికంటే లోపల ఎక్కువ ఉండటం మాకు తరచూ ఎదురయ్యే సంగతే. మొత్తం తీసేద్దాం అన్న సర్జన్ భయం ఇది, ఆ భయానికి కారణం ఉంది.

లేజర్ అన్న సర్జన్ వైపు నుంచి చూస్తే, తిరగబెట్టింది చిన్నగా ఉంది, తంత్రి కదులుతోంది, మెడలో గడ్డల్లేవు. ఇలాంటివాళ్ళకి స్వరపేటిక కాపాడే ప్రయత్నం చేయడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతే. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని స్వరపేటిక మీద వాడటం 1970ల మొదట్లో మొదలైంది. తర్వాత జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ స్టైనర్ అనే సర్జన్ ఒక పెద్ద మార్పు తెచ్చారు. అంతకుముందు గడ్డని ముక్క చేయకుండా చుట్టూ కోసి తీయాలనేది క్యాన్సర్ సర్జరీలో వేదవాక్కు. ఆయన మైక్రోస్కోప్ కింద గడ్డని మధ్యలోంచే కోసి, ఎంత లోతుకి పోయిందో కళ్ళతో చూసుకుంటూ, ముక్కలుగా తీసి, ఏ ముక్క ఎటువైపుదో గుర్తుపెట్టి పాథాలజీకి పంపే పద్ధతి పెట్టారు. రేడియేషన్ తర్వాత తిరగబెట్టినవాళ్ళకీ ఇదే చేసి ఫలితాలు ప్రచురించారు.

ఎలా చేస్తారంటే, పూర్తి మత్తు ఇచ్చి, తల వెనక్కి వంచి నోట్లోంచి ఒక లోహపు గొట్టం స్వరపేటిక దాకా పెడతారు, దాంట్లోంచి మైక్రోస్కోప్‌తో చూస్తూ కిరణంతో కోస్తారు. ఆ కిరణం తరంగదైర్ఘ్యం 10.6 మైక్రోమీటర్లు, కంటికి కనపడదు, అందుకే దారి చూపడానికి పక్కన ఒక ఎర్ర చుక్క వేస్తారు. కణజాలంలో ఉండే నీరు ఆ శక్తిని అక్కడికక్కడే పీల్చేసుకుంటుంది కాబట్టి పక్కకి వేడి పెద్దగా పాకదు, చిన్న రక్తనాళాలు వాటంతటవే మూసుకుపోతాయి. ఊపిరి గొట్టం దగ్గర నిప్పు అంటుకునే ప్రమాదం ఉండబట్టి మత్తు డాక్టర్లు ప్రత్యేకమైన ట్యూబ్ వాడతారు, ఆక్సిజన్ తక్కువ పెడతారు, ట్యూబ్ బుడగలో గాలికి బదులు రంగు కలిపిన సెలైన్ నింపుతారు, బుడగ పగిలితే ఆ రంగు చూసి వెంటనే తెలుస్తుంది. ఇది చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఇది అలవాటున్న టీమ్ చేయాల్సిన పని అని చెప్పడానికి.

ఫలితాల సంగతి దాచకుండా చెప్తాను. రేడియేషన్ తర్వాత లేజర్ చేసిన చాలామంది వివరాలు కలిపి చూసిన విశ్లేషణల్లో, మొదటి లేజర్‌తోనే రెండేళ్ళకి అక్కడ మళ్ళీ రాకుండా ఉన్నది సుమారు నూటికి 55, 60 మంది. కొందరికి రెండోసారి లేజర్ చేస్తే ఆ లెక్క ఇంకొంచెం పెరుగుతుంది. చివరికి స్వరపేటిక నిలబెట్టుకున్నవాళ్ళు నూటికి డెబ్బై దాకా. అంటే రేడియేషన్ లేకుండా మొదటిసారి లేజర్ చేసినదానికంటే తక్కువే, కానీ తీసిపారేసే లెక్క కాదు. ఫెయిలైనా మొత్తం తీసే ఆపరేషన్‌కి దారి మూసుకుపోదు, ఒక్కటే షరతు, తిరిగి రావడాన్ని తొందరగా పట్టుకోవాలి. చెకప్‌లకి సరిగ్గా రాలేని మనిషికి నేనైతే లేజర్ సలహా ఇవ్వడానికి వెనకాడతాను, చెకప్ ఈ వైద్యంలో సగం అని నా అభిప్రాయం.

మీరు వెళ్ళి అడగాల్సినవి ఇవి. గడ్డ రెండు తంత్రులూ ముందువైపు కలిసే మూల దాకా వచ్చిందా? ఆ మూలలో మృదులాస్థి చాలా దగ్గరగా ఉంటుంది, గొట్టంలోంచి సరిగ్గా కనపడదు కూడా, లేజర్ ఎక్కువగా ఓడిపోయేది అక్కడే. తంత్రి కిందకి ఎంత దిగింది, మృదులాస్థిలోకి పోయిన అనుమానం ఉందా, రేడియేషన్ తర్వాత మెడ, నోరు సరిపడా వంగి తెరుచుకుంటాయా, ఆ గొట్టంలోంచి మొత్తం కనిపిస్తుందా. ఆపరేషన్‌లో అనుకున్నదానికంటే ఎక్కువ కనిపిస్తే ఏం చేస్తారు, ఆపేసి లేపి మాట్లాడతారా, దీనికి ముందే సమాధానం తెలిసుండాలి. ఇంకా, మెడ వైపు నుంచి కోసి స్వరపేటికలో కొంత భాగం మాత్రమే తీసే ఆపరేషన్ కూడా ఉంది, దాని పేరు ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదా? దానికి ఊపిరితిత్తులు గట్టిగా ఉండాలి, మింగడం మళ్ళీ నేర్చుకోవాలి, కానీ ముందు మూల దాకా వచ్చినవాళ్ళలో కొందరికి అది పనికొస్తుంది.

నాన్నకూచి_87:

డాక్టర్ గారూ, అక్కా, ఏమని థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. రిపోర్ట్ తీసి మళ్ళీ చదివాను, "ముందు కలయిక వరకు విస్తరించినట్టు అనుమానం" అని ఒక లైన్ ఉంది, ఇన్నాళ్ళూ దాని మీద నా కన్ను పడనే లేదు. మరి ఆ ఒక్క లైన్‌తో లేజర్ అయిపోయినట్టేనా? కొంతభాగం తీసే ఆపరేషన్ గురించి మాకు ఎవరూ చెప్పలేదు.

మైక్రోస్కోప్_వెనకాల:

అయిపోయినట్టు కాదు. అనుమానం అంటే అనుమానమే. మత్తులో పెట్టి 30 డిగ్రీలు, 70 డిగ్రీలు వంగి చూసే ఎండోస్కోప్‌లతో ఆ మూలని ప్రత్యేకంగా చూస్తారు, పైపొరలో మాత్రమే ఉందా లోపలికి దిగిందా అన్నది అప్పుడే కాస్త తేలుతుంది. అక్కడ మృదులాస్థి కోసం పల్చటి ముక్కల సీటీతో పాటు ఎంఆర్ఐ కూడా కొందరు అడుగుతారు. మీరు చేయాల్సిందల్లా ఇద్దరు సర్జన్లనీ విడివిడిగా అడగడం మానేసి, కేసు ట్యూమర్ బోర్డ్‌లో పెట్టమనడం. రేడియేషన్ ఇచ్చిన డాక్టర్, సర్జన్లు, స్కాన్ చదివే డాక్టర్, పాథాలజిస్ట్ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని ఆ లైన్ మీదే మాట్లాడుకోవాలి. పాత రేడియేషన్ ప్లాన్ కాగితాలు, పాత బయాప్సీ స్లైడ్లు తీసుకెళ్ళండి.

మెడలో_ఊపిరి:

బాబూ, నేను ఆ రెండో దారి మనిషిని. నాకూ రేడియేషన్, తర్వాత లేజర్, అది కూడా ఆగక చివరికి మొత్తం తీశారు. మెడలో రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తాను. మీ నాన్నగారి మాట చదివి నిద్రపట్టక రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాటే నేనూ అన్నాను, మా ఆవిడ ముందు, అదే వాక్యం.

అయ్యా, మాట పోదు. గొంతు పెట్టె పోతుంది, మాట పోదు. నాకు ఊపిరి గొట్టానికీ అన్నవాహికకీ మధ్య చిన్న కవాటం పెట్టారు, మెడ రంధ్రాన్ని వేలితో మూసి గాలి వదిలితే అది అన్నవాహికలోకి పోయి అక్కడి గోడలు అదురుతాయి, అదే గొంతు. కాస్త మొద్దుగా, బొంగురుగా ఉంటుంది, కానీ మనవరాలికి కథలు చెప్తున్నాను, ఫోన్‌లో బ్యాంకువాళ్ళతో గొడవ కూడా పడుతున్నాను. ఆ కవాటం కొన్ని నెలలకోసారి కారడం మొదలుపెడుతుంది, మార్పించుకోవాలి, నీళ్ళు తాగితే దగ్గొస్తే అదే గుర్తు. కవాటం కుదరనివాళ్ళు గడ్డం కింద పెట్టుకునే మిషన్‌తో మాట్లాడతారు.

కష్టాలు లేవని చెప్పను. రేడియేషన్ పడిన మెడలో ఆపరేషన్ తర్వాత లోపలి కుట్టు విడిపోయి ఉమ్ము మెడలోంచి కారడం నాకు జరిగింది, నూటికి పాతిక ముప్పై మందికి జరుగుతుందట, ఛాతీ కండ తెచ్చి కప్పితే ఆ ఇబ్బంది తగ్గుతుందట, ఇది ముందే అడగండి. ముక్కు గుండా గాలి పోదు కాబట్టి వాసనలు సరిగ్గా తెలియవు, రుచి కొంత తగ్గుతుంది. ఈత లేదు. స్నానంలో రంధ్రంలోకి నీళ్ళు పోకుండా చూసుకోవాలి. శ్లేష్మం మొదటి నెలల్లో చాలా విసిగిస్తుంది, రంధ్రం మీద పెట్టే ఫిల్టర్ వాడాక చాలా తేలికయింది. ఇంకోటి ఇంట్లో అందరూ నేర్చుకోవాలి, నాకు ఏదైనా అయితే ఆక్సిజన్ మెడకే పెట్టాలి, ముక్కుకీ నోటికీ కాదు. జేబులో ఆ కార్డు ఎప్పుడూ ఉంచుకుంటాను.

లేజర్ చేయించుకున్నందుకు నాకు చింత లేదు, దాంతో నా సొంత గొంతుతో ఇంకొంత కాలం మాట్లాడాను, కూతురి పెళ్ళిలో మాట్లాడాను. అది పనిచేస్తే ఇంకా సంతోషం. కానీ మాట పోతుందన్న భయంతో మాత్రం లేజర్‌ని ఎంచుకోవద్దని మీ నాన్నగారికి చెప్పండి. డాక్టర్లు లేజర్‌కి సరిపోతుంది అంటే చేయించుకోండి, సరిపోదు అంటే ఇటు రండి, ఇక్కడ మేం చాలామందిమి బతికే ఉన్నాం, మాట్లాడుతూనే ఉన్నాం. కావాలంటే నాన్నగారితో వీడియో కాల్ చేస్తాను, నా గొంతు వింటే ఆయనకే తెలుస్తుంది.

పలుకుబడి_స్పీచ్:

స్పీచ్ థెరపిస్ట్‌ని. పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం, నేను చిన్నది మాత్రం కలుపుతాను. ఏ ఆపరేషన్ అయినా సరే, జరగకముందే స్పీచ్ థెరపిస్ట్‌ని కలవండి. లేజర్‌కి ముందు నాన్నగారి గొంతు రికార్డ్ చేసి, మింగడం ఎలా ఉందో చూసి పెట్టుకుంటే తర్వాత దేనికి ఎంత పని చేయాలో తెలుస్తుంది. తంత్రి పోయిన చోట మచ్చ కట్టి దాని మీద ఇంకో తంత్రి వచ్చి ఆనడానికి టైమ్ పడుతుంది, ఆ లోపు బలంగా మాట్లాడాలని మెడ బిగబట్టడం చాలామంది చేస్తారు, అది అలవాటైతే వదిలించడం కష్టం. నీళ్ళలాంటి పల్చటివి తాగినప్పుడు పొలమారితే తప్పకుండా చెప్పండి, ఊరుకోకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. రేడియేషన్ తర్వాత గొంతు కండరాలు అప్పటికే కొంత బిగుసుకుని ఉంటాయి కాబట్టి మింగే వ్యాయామాలు ఇప్పట్నుంచే మొదలెడితే మంచిది.

నాన్నకూచి_87:

అంకుల్, మీ మెసేజ్ నాన్నకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కాసేపాగి "ఆయన నంబర్ తీసుకో" అన్నారు. ప్రైవేట్ మెసేజ్ పెట్టాను, చూడండి. ట్యూమర్ బోర్డ్ గురించి ఇవాళ రెండో సర్జన్‌ని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు, నేనే పెడతానన్నారు. ఆ ముందు మూల గురించి అడిగితే, మత్తులో చూశాక అక్కడ లోతుకి దిగినట్టు అనిపిస్తే లేజర్ మొదలుపెట్టను, లేపి మీతో మాట్లాడాకే ఏదైనా అన్నారు. ఆ మాటతో నాకు చాలా ధైర్యం వచ్చింది. ఆపరేషన్‌కి ముందు ఇంకేమైనా చూసుకోవాలా డాక్టర్ గారూ?

మైక్రోస్కోప్_వెనకాల:

ఆ సర్జన్ చెప్పిన సమాధానం చాలా మంచిది. రెండు మూడు ఉన్నాయి. థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించండి, మెడకి రేడియేషన్ అయినవాళ్ళలో అది మెల్లగా మందగించడం మామూలే, మందగిస్తే పుండు మానదు, మనిషి నీరసంగా ఉంటాడు, అందరూ క్యాన్సర్ దిగులు అనుకుంటారు. పొగ తాగే అలవాటు ఇంకా ఏమాత్రం ఉన్నా ఇవాళే ఆపించండి, ఇంట్లో ఇంకెవరైనా తాగుతున్నా సరే. ముందు పళ్ళు ఏవైనా కదులుతుంటే సర్జన్‌కీ మత్తు డాక్టర్‌కీ చెప్పండి, ఆ గొట్టం పైపళ్ళ మీదే ఆనుతుంది, కదిలే పన్ను ఊడి లోపలికి జారొచ్చు. అలాగని మీ అంతట మీరు పళ్ళ డాక్టర్ దగ్గరికెళ్ళి పీకించేయకండి, టీ1 తంత్రికి రేడియేషన్ చిన్న ప్రాంతానికే ఇస్తారు కాబట్టి దవడ దాంట్లో ఉండకపోవచ్చు, అయినా పాత ప్లాన్ చూసి దవడకి డోసు పడలేదని రేడియేషన్ డాక్టర్ చెప్పాకే పీకించాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో అడగండి. పాథాలజీ రిపోర్ట్ వచ్చాక అంచులు క్లియర్ (తీసిన ముక్క అంచుల్లో క్యాన్సర్ లేదు) అని ఉందా, లేదా అనుమానం అని ఉందా చూసి ఇక్కడ పెట్టండి, అనుమానం అంటే మళ్ళీ ఒకసారి లోపల చూడాల్సి వస్తుంది, దానికి నాన్నగారిని ముందే సిద్ధం చేసి ఉంచండి.